విజయవాడ నుంచి రాళ్ళెక్కడానికి రోడ్డు ట్రిప్పు: భువనగిరా, హంపీనా, బాదామా, రామనగరా?

మన ఊళ్ళ చుట్టూ కొండలకు కొదవేమీ లేదు. కొండపల్లి, మంగళగిరి, కొండవీడు, కోటప్పకొండ ఎటు చూసినా కనిపిస్తూనే ఉంటాయి. అయితే అవి మనం నడిచి ఎక్కే కొండలు. నిటారు బండను చేతులతో పట్టుకుని, నడుముకు తాడు కట్టుకునో కింద పరుపు పరుచుకునో ఎక్కాలన్న కోరిక పుడితే మాత్రం బండి తీయక తప్పదు. దగ్గరిదానికి ఐదు గంటలు పడుతుంది. దూరానిదానికి దారిలో ఒక రాత్రి ఆగాలి.

చలికాలం దగ్గర పడేసరికి చాలామంది నాలుగు పేర్ల మధ్య ఊగుతుంటారు: భువనగిరి, హంపి, బాదామి, రామనగర. ఫోటోలు చూస్తే ఎవరైనా హంపి అనే అంటారు. నేను మాత్రం ఫోటోలు పక్కన పెట్టి, కారు దిగాక రాయి మీద ఎన్ని పూటలు దక్కుతాయో, కారులో కూర్చున్నవాళ్ళలో తాడు పని ఎవరికి వచ్చో చూసి ఎంచుకోమంటాను. ఈ రెండూ తేలితే సగం గొడవ తీరిపోతుంది.

## ముందు తేల్చుకోవలసినవి

మొదట సెలవు. డ్రైవింగుకు పోయే పగళ్ళ కన్నా రాయి మీద గడిపే పగళ్ళు తక్కువ కాకూడదు. పగళ్ళు అని ఎందుకంటున్నానంటే, రాత్రి డ్రైవింగును నేను లెక్కలోకే తీసుకోను. రాత్రంతా స్టీరింగు పట్టి పొద్దున్నే తాడు పట్టుకునే మనిషి చేతికి నా ప్రాణం అప్పగించను, మీరూ అప్పగించొద్దు.

తర్వాత మనుషులు. తాడుతో ఎక్కేటప్పుడు పైవాడు జారితే తాడు బిగించి ఆపే పనిని బిలే అంటారు. జాగ్రత్తగా నేర్చుకుంటే ఒక పూటలో దాని ప్రాథమిక పద్ధతి వస్తుంది, చేతికి అలవాటు కావడానికి ఇంకా చాలా పూటలు పడుతుంది. తాడును పైన దేనికి, ఎలా కట్టాలో తెలియడం, అంటే యాంకర్ వేయడం, అంతకన్నా పెద్ద విద్య. వీడియో చూసి వచ్చేది కాదు. మీ కారులో అది తెలిసినవాళ్ళు ఒక్కరూ లేకపోతే మీ ముందున్న దారులు రెండే: తాడు అక్కర్లేని బౌల్డరింగ్, లేదా స్థానికంగా శిక్షకుణ్ణి మాట్లాడుకోవడం. తాడు తెచ్చాం కదా ఎలాగోలా కడదాం అనే ఆలోచన మాత్రం ఇంట్లోనే వదిలేయండి.

మూడోది, కొత్తవాళ్ళకు తట్టనిది: వేళ్ళ చర్మం. గ్రానైట్ మీద రెండు రోజులు గట్టిగా ఎక్కితే వేలి కొసలు ఎర్రబడి పలచబడతాయి. మూడో రోజు పట్టు దొరికినా నొప్పికి వదిలేస్తారు. అందుకే వారం సెలవు ఉన్నంత మాత్రాన ఏడు రోజులు ఎక్కేస్తామనుకోవద్దు. రెండు రోజులు ఎక్కి ఒక రోజు విశ్రాంతి, ఇదే సుమారు లెక్క.

ఇక వాతావరణం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నాలుగు చోట్లా బాగుంటుంది. మార్చి దాటితే రాయి పెనంలా కాలుతుంది. చెమట పట్టిన వేళ్ళకు పట్టు జారుతుంది, షూ రబ్బరూ మెత్తబడుతుంది. నవంబరులో వెళ్ళేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. మన కోస్తాకు తుపానులు వచ్చే కాలం అది. ఒంగోలు, నెల్లూరు మీదుగా పోయే ప్లాన్‌కు ముందు వాతావరణ సూచన చూడకుండా రూములు బుక్ చేయొద్దు.

## ఒక్క చూపులో

| | భువనగిరి | హంపి | బాదామి | రామనగర |
|---|---|---|---|---|
| విజయవాడ నుంచి, ఒకవైపు | సుమారు 240 కి.మీ. | 550–600 కి.మీ. | 700 దాటుతుంది | సుమారు 700 కి.మీ. |
| డ్రైవింగ్, ఆగడాలతో కలిపి | 5 గంటలు | 12–13 గంటలు | రెండు రోజులుగా చేసుకోవాలి | 13–14 గంటలు |
| రాయి | గ్రానైట్ ఏకశిల | గ్రానైట్ గుండ్లు | ఎర్ర ఇసుకరాయి | గ్రానైట్ గోడలు, పలకలు |
| ఎక్కే తీరు | శిక్షకుల తాడుతో | బౌల్డరింగ్ | బోల్టులున్న స్పోర్ట్ రూట్లు | స్పోర్ట్, ట్రాడ్ (సొంత సామాను పెట్టుకుంటూ ఎక్కడం), పొడవాటి రూట్లు |
| కనీస అనుభవం | అక్కర్లేదు | తక్కువైనా చాలు | లీడ్ (తాడు కింది నుంచే లాక్కుంటూ ముందు ఎక్కడం), బిలే రావాలి | యాంకర్ తెలిసినవాళ్ళు ఉండాలి |
| సరిపడే సెలవు | 2 రోజులు | 4–5 రోజులు | వారం | 5–6 రోజులు |
| పెట్రోలు, రానూపోనూ (లీటరుకు 15 కి.మీ. లెక్కన) | 33 లీటర్లు | 80–90 లీటర్లు | 100 లీటర్లు | 95 లీటర్లు |

పెట్రోలు లెక్కలో అక్కడికెళ్ళాక ఊళ్ళో తిరిగే చిన్న తిరుగుళ్ళు కూడా కొంత కలిపాను. నలుగురు పంచుకుంటే ఏ ట్రిప్పూ మరీ భారం కాదు. ఇద్దరే అయితే హంపికి రైలు బండి సంగతి కూడా చూడండి, కింద చెప్తాను.

## భువనగిరి

ఊరి మధ్యలో బోర్లించినట్టు ఉండే ఒకే ఒక్క బండ, దాని నెత్తిన కోట. ఎత్తు ఐదొందల అడుగుల పైనే. మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టుకు పోకముందు శిక్షణ మొదలుపెట్టింది ఇక్కడే. 2014 మే 25న శిఖరం చేరేనాటికి పూర్ణకు ఇంకా పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆ తర్వాత ఈ బండకు వచ్చిన పేరు మామూలుది కాదు. అక్కడి రాక్ క్లైంబింగ్ స్కూల్లో పిల్లలకూ పెద్దలకూ నేర్పిస్తారు. తాళ్ళు, హార్నెస్‌లు, హెల్మెట్లు వాళ్ళవే. ముందుగా ఫోన్ చేసి బ్యాచ్ ఎప్పుడుందో కనుక్కుని వెళ్ళాలి. నేరుగా వెళ్ళి మీ తాడు మీరు కట్టుకుంటామంటే కుదరదు.

దారి సులువు. విజయవాడ నుంచి హైదరాబాద్ హైవే మీద సూర్యాపేట, నార్కట్‌పల్లి దాటి చిట్యాలలో కుడివైపు తిరిగితే భువనగిరి. కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్ టోల్‌గేట్లు తగులుతాయి. పంతంగి టోల్‌గేటు దాకా పోనక్కర్లేదు. గుంటూరు వాళ్ళు విజయవాడ రావడం ఎందుకు? సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా అద్దంకి–నార్కట్‌పల్లి హైవే పట్టుకుంటే చాలు.

సంక్రాంతి సెలవుల్లో వెళ్ళొచ్చా అని కొందరు భయపడతారు. నన్నడిగితే అదే మంచి సమయం. పండక్కి ముందు జనమంతా హైదరాబాద్ నుంచి ఇటు వస్తుంటారు, కనుమ అయ్యాక అటు పోతారు. మీరు రెండుసార్లూ ఎదురు దిక్కులో ఉంటారు. స్కూలు తెరిచి ఉందో లేదో మాత్రం కనుక్కోండి.

లోటు ఒకటుంది. ఏడాదిగా జిమ్‌లో గోడ ఎక్కుతున్నవాళ్ళకు ఇది చప్పగా అనిపిస్తుంది. అక్కడ చేయించేది ఎక్కువగా మొదటి పాఠాలు: ఏటవాలు బండ మీద కాళ్ళతో నిలబడటం, తాడు మీద బరువు వేసి దిగడం. కానీ ఒక్కసారైనా రాయిని ముట్టనివాళ్ళకు ఇంతకన్నా సరైన చోటు మన దగ్గర్లో లేదు. దెబ్బ తగిలినా బీబీనగర్ ఎయిమ్స్ అదే జిల్లాలో ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

## హంపి

ఇక్కడ తాడు అక్కర్లేదు. గుండు ఎత్తు మూడు నాలుగు మీటర్లు, కొన్నిచోట్ల ఇంకొంచెం. కింద క్రాష్ ప్యాడ్ అనే మందపాటి పరుపు, పక్కన చేతులు చాచి నిలబడే స్నేహితుడు. చూడ్డానికి పిల్లలాటలా ఉన్నా, బౌల్డరింగ్‌లో ప్రతి పాటూ నేల మీదికే. చీలమండ మెలికపడటం, మణికట్టు బెణకడం తరచూ జరిగేవి. పక్కన నిలబడ్డవాడి పని మిమ్మల్ని ఎత్తుకోవడం కాదు, తల, నడుము పరుపు మీదే పడేలా మళ్ళించడం. ఇంత చిన్న సంగతి బయల్దేరే ముందే నలుగురూ కలిసి సాధన చేయండి.

మన దగ్గర్నుంచి దారులు రెండు. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, గిద్దలూరు, నంద్యాల మీదుగా బళ్ళారి చేరి హొసపేట పోవడం ఒకటి. ఇది దగ్గరి దారి, నల్లమల దాటే ముక్క కళ్ళకు పండగ. అయితే ఆ ముక్క పగలే దాటేయాలి. అడవి గుండా పోయే కొన్ని రోడ్ల మీద రాత్రి రాకపోకలకు ఆంక్షలున్నాయి. ఆంక్షలు లేనిచోట కూడా మలుపుల్లో లారీల వెనక చీకట్లో పాకడం ఎవరికి కావాలి? తెల్లవారుజామున నాలుక్కి బయల్దేరితే చీకటి పడే వేళకు చేరతారు. ఒక్కరే డ్రైవర్ అయితే నంద్యాలలో రాత్రి ఆగండి.

రెండోది హైదరాబాద్, రాయచూరు, గంగావతి మీదుగా. వంద కిలోమీటర్ల దాకా ఎక్కువే. కాకపోతే గంగావతి వైపు నుంచి వస్తే మీరు నేరుగా తుంగభద్రకు ఉత్తరాన, ఆనెగొంది, సణాపుర వైపు దిగుతారు. క్లైంబర్లకు కావలసింది ఆ ఒడ్డే. గుళ్ళూ రథమూ ఉన్న దక్షిణపు ఒడ్డున రక్షిత కట్టడాలు కాబట్టి అక్కడి రాళ్ళ జోలికి పోవద్దు. హొసపేట మీదుగా వచ్చేవాళ్ళు వంతెన కోసం చుట్టు తిరగాలి. మ్యాపులో హంపి అని కొట్టకుండా సణాపుర అని కొట్టండి.

బస గురించి పాత సలహాలు నమ్మొద్దు. ఒకప్పుడు క్లైంబర్లంతా దిగిన విరుపాపుర గడ్డిలోని రిసార్టులను 2020లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కూల్చేశారు. ఇప్పుడు సణాపుర, ఆనెగొంది చుట్టుపక్కల చూసుకోవాలి. క్రాష్ ప్యాడ్లు ఆ వైపు అద్దెకు దొరుకుతాయి, ముందే మాట్లాడి పెట్టుకోండి. డిసెంబరు ఆఖరి వారంలో ఎగబడి తీసుకుంటారు.

పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం నాలుగు తర్వాత. హంపిలో ఎక్కే వేళలు ఇవే. మధ్యలో రాయి వేడెక్కిపోతుంది. ఆ మధ్యాహ్నాలు విజయనగర శిథిలాల కోసం. కొండవీటి కోటను 1515లో గెలుచుకున్న కృష్ణదేవరాయల రాజధానిని గుంటూరు వాళ్ళు చూడకుండా రావడం ఏం బాగుంటుంది?

తిండి దగ్గర ఒక మాట. రెండో రోజుకి వేలి కొసలు గీరుకుపోయి ఉంటాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న గుంటూరు కారప్పొడి అన్నంలో కలిపితే నక్షత్రాలు కనిపిస్తాయి. చెంచా పెట్టుకోండి. నవ్వులాటకు చెప్పడం లేదు.

రైలు సంగతి: విజయవాడ, గుంటూరు మీదుగా హుబ్బళ్ళి పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ హొసపేటలో ఆగుతుంది. ప్యాడు అద్దెకు తీసుకునే పనైతే ఇద్దరికి కారు కన్నా ఇదే నయం. రాత్రి నిద్ర కూడా దక్కుతుంది. కారు ఉంటే గుండ్ల మధ్య తిరగడానికి స్వేచ్ఛ ఉంటుంది, అంతే తేడా. అది కూడా అద్దె స్కూటరుతో చాలావరకు తీరిపోతుంది.

## బాదామి

చాళుక్యుల రాజధాని. ఎర్రటి ఇసుకరాతి గోడలు చెరువు చుట్టూ నిలబడి ఉంటాయి. వాటి మీద ముందే బిగించిన బోల్టులతో స్పోర్ట్ రూట్లు చాలా ఉన్నాయి. తేలికవాటి నుంచి దేశంలో అతి కష్టమైనవాటిలో ఒకటైన గణేశ (ఫ్రెంచి గ్రేడులో 8బి+) దాకా. మీరు లీడ్ చేస్తారు, అంటే తాడు కింది నుంచే లాక్కుంటూ పోయి, బోల్టు బోల్టుకీ క్విక్‌డ్రా (రెండు కొసలా కొక్కేలున్న పట్టీ) తగిలించి తాడు అందులో వేస్తారు. కాబట్టి ఇద్దరికీ లీడ్ బిలే చేతికి బాగా అలవాటై ఉండాలి. జిమ్‌లో ఆటోబిలే, అంటే మనిషి బదులు తాడు పట్టే యంత్రం మీద మాత్రమే ఎక్కినవాళ్ళకు ఈ ఊరు ఇంకా తొందర.

ఇసుకరాయి వేళ్ళకు మెత్తన. గ్రానైట్ మీద రెండు రోజులకు అరిగే చర్మం ఇక్కడ మూడు నాలుగు రోజులు ఆగుతుంది. వారం సెలవు ఉన్నవాళ్ళను హంపి కన్నా ఇటే పంపుతాను. అయితే వాన పడితే తడి ఆరేదాకా ముట్టొద్దు. రేణువులను పట్టి ఉంచే బంధం తడికి బలహీనపడి, మీ చేతిలో పట్టే విరిగి ఊడిరావచ్చు. పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది, ఒకటి రెండు రోజులు ఆగాలి.

గుహాలయాలకు, కోటకు చుట్టుపక్కల పురావస్తు శాఖ రక్షిత ప్రాంతం ఉంది. ఎక్కడ ఎక్కనిస్తారో, ఎక్కడ ఎక్కనివ్వరో స్థానిక క్లైంబర్లను అడిగి వెళ్ళండి. బోల్టు కనిపించిందని నమ్మేయొద్దు, తుప్పు పట్టినదాన్నీ ఊగేదాన్నీ వదిలేసి పక్క రూటుకు పోండి. ఇక కోతులు. సంచి జిప్పు తీయడం వాటికి బాగా వచ్చు.

ఇంట్లోవాళ్ళు వెంట వస్తే ఈ నాలుగింట్లో బాదామికి సాటి లేదు. ఎక్కనివాళ్ళు పట్టదకల్లు, ఐహొళె చూసి సాయంత్రానికి వచ్చేస్తారు, జొన్న రొట్టె తిని సుఖంగా పడుకుంటారు. దూరమే దీని శిక్ష. హంపి నుంచి ఇంకో 150 కిలోమీటర్లు పోవాలి. కాబట్టి వెళ్ళేటప్పుడు హంపిలో ఒక రాత్రి ఆగడమే తెలివైన పని. ఆ రాత్రి ఆగినందుకు పొద్దున్నే రెండు గుండ్లు ఎక్కేద్దాం అనిపిస్తుంది. చర్మం బాదామికి దాచుకోండి.

## రామనగర

బెంగళూరులో మీకు స్నేహితులుంటే తప్ప నేను దీన్ని ముందు వరుసలో పెట్టను. రాయి గొప్పదే. పొడవాటి గ్రానైట్ గోడలు, పగుళ్ళు, రెండు మూడు తాళ్ళ పొడవు రూట్లు ఉన్నాయి. కానీ వాటిని వాడుకోవాలంటే సొంత సామాను పెట్టుకుంటూ ఎక్కడం తెలిసినవాళ్ళు కావాలి. అలాంటివాళ్ళు బెంగళూరు క్లైంబర్లలో ఎక్కువ, మన ఊళ్ళల్లో తక్కువ. పైగా తిరుపతి, చిత్తూరు, కోలారు మీదుగా ఎంత హాయిగా వచ్చినా బెంగళూరు దాటడానికే ఒక పూట పోతుంది. రామదేవరబెట్ట రాబందుల అభయారణ్యం. పొడవు ముక్కు రాబందులు ఆ గోడల మీదే గూళ్ళు పెడతాయి. దాని హద్దుల్లో ఎక్కాలనే ఆలోచన పెట్టుకోవద్దు.

బైకుల మీద వెళ్ళేవాళ్ళకు: బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన రోడ్డు మీద 2023 ఆగస్టు నుంచి ద్విచక్ర వాహనాలను అనుమతించడం లేదు. సర్వీసు రోడ్డే గతి.

గండికోట ఈ జాబితాలో ఎందుకు లేదని ఎవరైనా అడుగుతారు. చూడ్డానికి పెన్నా లోయ అంత అందమైనది ఇంకోటి లేదు. కానీ పొరలు పొరలుగా పేర్చినట్టున్న ఆ అంచుల్లో వదులు రాళ్ళు ఎక్కువ. సొంతంగా తాడు వేసుకుని ఎక్కే చోటుగా నేను సిఫారసు చేయను. దారిలో ఒక సాయంత్రం ఆగడానికైతే సరే.

## ఎవరు ఎటు

ఆఫీసులో శని, ఆదివారాలే దొరికేవాళ్ళకు భువనగిరి తప్ప వేరే మాట లేదు. రెండు రోజుల్లో హంపి పోయొస్తామనే కుర్రాళ్ళు ఉంటారు. వెళ్ళగలరు, ఎక్కలేరు.

నాలుగు రోజుల సెలవు, నలుగురు స్నేహితులు, ఎవరికీ తాడు పని రాదు: హంపి. ఇద్దరు డ్రైవర్లు ఉండేలా చూసుకోండి. ఇదే గుంపులో ఒకరికి ఎత్తంటే భయముంటే ముందు ఒక వారాంతం భువనగిరిలో గడిపి రండి. తాడు మీద వేలాడితే ఆ భయం ఎంత నిజమో తెలుస్తుంది, హంపిలో పన్నెండడుగుల మీద టెన్షన్ తగ్గుతుంది.

లీడ్ చేయగలిగినవాళ్ళు ఇద్దరుండి, వారం సెలవుంటే బాదామి. ఇంట్లోవాళ్ళూ వస్తామంటే ఇక సందేహం లేదు.

పదేళ్ళలోపు పిల్లలున్నవాళ్ళు శిక్షకులున్న చోటికే వెళ్ళాలి. హంపి గుండ్ల మధ్య సందులు, లోతులు చాలా ఉంటాయి, పిల్లల్ని కనిపెట్టుకోవడంతోనే రోజు గడిచిపోతుంది.

## డిక్కీలో

తాడును పెట్రోలు క్యాను పక్కన, పాత బ్యాటరీ పక్కన పెట్టకండి. బ్యాటరీ ఆమ్లం సోకితే నైలాను పైకి తెలియకుండా లోపల పాడవుతుంది. దానికి విడిగా ఒక సంచి ఉండాలి. ఎండలో ఆపిన కారులో క్లైంబింగ్ షూస్ వదిలేస్తే జిగురు ఊడి సోలు విడిపోతుంది, రూముకి పట్టుకుపోండి. మడత పెట్టినా క్రాష్ ప్యాడు డిక్కీని సగం తినేస్తుంది. రెండుంటే ఒకటి కారు పైన, వానకు కవరు తొడిగి. వేళ్ళకు టేపు, క్రేప్ బ్యాండేజి, నీళ్ళు మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన.

కర్ణాటకలో పెట్రోలు మన రాష్ట్రం కన్నా చవక. సరిహద్దు దాటడానికి సరిపడా మాత్రమే ఇక్కడ కొట్టించి, బళ్ళారి దగ్గర ట్యాంకు నింపండి. తిరుగు ప్రయాణంలో మళ్ళీ అక్కడే నింపుకుంటే గుంటూరు దాకా వస్తుంది.

శరీరాన్ని ఒక నెల ముందు నుంచి సిద్ధం చేసుకోవాలి. కాళ్ళకూ ఊపిరికీ వారానికి రెండుసార్లు కొండవీడు ఘాట్ రోడ్డు నడిచి ఎక్కితే చాలు. వేళ్ళకు మాత్రం కొండలు పనికిరావు. పార్కులోని ఇనప కడ్డీకి రోజూ కాసేపు వేలాడండి, మొదటి వారం పది సెకన్లతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ముంజేయి నొప్పెడితే ఫరవాలేదు, వేలి కీలు దగ్గర నొప్పి వస్తే ఆ రోజుకి ఆపేయండి.